గాలం మీద పురుగు: ఫ్లై కట్టేవారి ప్రశ్నలు, జవాబులు

తొలకరి దగ్గర పడుతోంది కాబట్టి ఈసారి ఉత్తరాల్లో ఉసిళ్ల గొడవే ఎక్కువ. దానికే ఎక్కువ చోటిచ్చాం. చదివే ముందు కొన్ని మాటలు: చేపను మోసగించడానికి ఈక, దారం లాంటివాటితో గాలం మీద కట్టే పురుగు బొమ్మే ఫ్లై. గాలానికి దారం కట్టే రంధ్రం కన్ను, తిన్నగా ఉండే భాగం కాడ, ఆ తర్వాత వంపు, చివర మొన, మొన వెనక చేప జారకుండా ఆపేది ఎదురుముల్లు. మొనకీ కాడకీ మధ్య ఖాళీని ఎడం అన్నాం. ఈకలో మధ్య కాడ ఈనె, దానికి అటూ ఇటూ ఉండేవి పోచలు. గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 14 కంటే 12 పెద్దది.

ప్రశ్న: తొలకరి వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేస్తే కాలవలో పరిగెలు, చైనా గురకలు పైకి వచ్చి తింటున్నాయి. అప్పుడు కూడా నా ఫ్లైని ముట్టుకోవడం లేదు. 12 నంబరు గాలానికి గోధుమరంగు మెడ ఈక ఒత్తుగా చుట్టి కట్టాను. రంగు సరిపోయింది, సైజూ సరిపోయింది. లోపం ఎక్కడ? – అమలాపురం పాఠకుడు

జవాబు: లోపం రంగులో లేదు, కూర్చునే తీరులో ఉంది. మీరు కట్టింది నిలబడే ఫ్లై. చుట్టూరా నిక్కిన పోచలు ఒంటిని నీటికి తగలకుండా ఎత్తి పెడతాయి. నీళ్లలో పుట్టి, పైకొచ్చి, ఎగిరేదాకా నీటి మీద నిలబడే మేఫ్లై లాంటి వాటికోసం ఏర్పడిన రూపం అది. ఉసిళ్లు నీళ్లలో పుట్టేవి కావు. చెదపుట్టలోంచి లేచి దీపాల చుట్టూ తిరిగి నీళ్లలో పడిపోతాయి. పడ్డాక పొట్ట తడిసి అతుక్కుపోతుంది, రెక్కలు బల్లపరుపుగా పరుచుకుంటాయి. కిందినుంచి చూసే చేపకు నీటి పైపొరలో సగం దిగబడిన పొడుగాటి ఒళ్లు కనిపించాలి. పైపొర మీద పోచల చివర్లు చేసే చుక్కలు మాత్రమే కనిపిస్తే అది వేరే పురుగు కింద లెక్క.

కావలసినవి: మామూలు పొడుగు కాడ ఉన్న 12 నంబరు గాలం. ముదురు గోధుమరంగు 70 డెనియర్ దారం. ఒంటికి 2 మిల్లీమీటర్ల మందం గోధుమరంగు ఫోమ్. స్టేషనరీ షాపుల్లో పిల్లల క్రాఫ్ట్ పనికి అమ్మే ఈవీఏ షీటు చాలు. రెక్కకు తెల్లటి పాలీప్రొపిలీన్ పోగులు. కాళ్లకు డేగ (ఎర్ర) కోడి మెడ ఈక ఒకటి. సూపర్ గ్లూ, రంగులేని గోళ్ల రంగు.

ముందు చిన్న ప్లయర్‌తో ఎదురుముల్లు నొక్కేసి, కాడ నేలకు సమాంతరంగా ఉండేలా గాలాన్ని వైస్‌లో (గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే పనిముట్టు) బిగించండి. కట్టడమంతా అయ్యాక నొక్కితే ఒక్కోసారి మొన విరిగి శ్రమంతా పోతుంది. కన్ను వెనక ఒక కన్నంత ఖాళీ వదిలి దారం మొదలుపెట్టి, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా వంపు మొదలయ్యేదాకా వెళ్లి, కాడలో కన్ను వైపు మూడో వంతు దగ్గరికి తిరిగి రండి. ఇదే పురుగు నడుము. ఉత్త కాడ మీద ఫోమ్ నిలవదు, గిర్రున తిరుగుతుంది. అందుకే ఈ దారం పరుపు.

ఫోమ్‌ని 3 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల పొడవు పట్టీగా కత్తిరించి రెండు చివర్లూ గుండ్రంగా చెయ్యండి. నడుము దగ్గర దారం మీద సూది మొనతో సూపర్ గ్లూ చుక్కలో సగం పెట్టి, పట్టీని కాడ పైన పరవండి. నడుము వెనక 8, 9 మిల్లీమీటర్లు పొట్ట, నడుము ముందు 3 మిల్లీమీటర్లు తల. పొట్ట చివర వంపు దాటి కాస్త బయటికి రావాలి. తల కన్నును కప్పకూడదు. మొదటి రెండు చుట్లు వదులుగా వేసి, తర్వాతి మూడు బిగించండి. మొదటి చుట్టే లాగి బిగిస్తే సన్నదారం ఫోమ్‌ని కోసేస్తుంది.

రెక్కకు పాతిక పోగులకు మించకుండా తీసుకుని నడుము మీదే వెనక్కి వాలేలా కట్టి, పొట్ట చివరికి 4 మిల్లీమీటర్ల అవతల కత్తిరించండి. నిజమైన పురుగుకు రెక్కలు ఒంటికి దాదాపు రెండింతలు ఉంటాయి. ఫ్లైకి అంత పెడితే విసిరేటప్పుడు గాలికి తిరిగి టిప్పెట్ (ఫ్లైని కట్టే సన్నటి కొస దారం) మెలిపడుతుంది, చేప రెక్క కొస కొరికి వదిలేస్తుంది. ఆ తర్వాత మెడ ఈకను నడుము మీద 3 చుట్లు, అంతే. ముడి ముందు కింది వైపు పోచల్ని కాడకు సమంగా కత్తిరించెయ్యండి. మీ ఫ్లైకీ దీనికీ ఉన్న తేడా ఆ కత్తెర వేటులోనే ఉంది. చివరగా దారాన్ని తల కిందుగా కన్ను వెనక్కి తెచ్చి, 5 చుట్ల విప్ ఫినిష్ (దారం కొసను చుట్ల కిందే బిగించే ముడి) వేసి, గోళ్ల రంగు చుక్క పెట్టండి. కన్ను పూడకుండా సూదితో పొడిచి చూడండి.

కట్టాక గ్లాసు నీళ్లలో వేసి పక్కనుంచి చూడండి. పక్కకి ఒరిగితే రెక్క ఒత్తుగా ఉంది, లేదా ఫోమ్ కాడ మీద తిరిగింది. ముక్కు మునిగి తోక లేస్తే తల మరీ కురచైంది. నీటి మీద నిలబడితే కింది పోచలు ఇంకా మిగిలి ఉన్నాయి. చేప నోట పట్టి కూడా గాలానికి పడకపోతే ఫోమ్ పక్కలకు దిగి ఎడాన్ని మూసేసిందన్నమాట. ఎడంలో కనీసం మూడింట రెండొంతులు ఖాళీగా ఉండాలి.

ఉసిళ్లు వాలగానే రెక్కలు రాల్చేస్తాయి. కాబట్టి కట్టినవాటిలో సగానికి రెక్క తీసేసి ఉంచుకోండి. నీటి మీద విడి రెక్కలు తేలుతుంటే ఆ రెక్కలేనివే ముందు వాడాలి. 12 నంబరుకు 4ఎక్స్ టిప్పెట్, అంటే 0.18 మిల్లీమీటర్లది సరిపోతుంది. గాలం నంబరును 3తో భాగిస్తే వచ్చేది సుమారుగా ఎక్స్ నంబరు. విసిరాక లాగకండి, నీళ్లలో పడ్డ ఉసిళ్లు ఈదవు.

ప్రశ్న: ఊళ్లో నాటుకోళ్లకు కొదవ లేదు. మెడ ఈకలు ఊరికే వస్తున్నాయి. వాటితో కట్టిన డ్రై ఫ్లై (నీటి మీద తేలేది) రెండు విసుర్లకే మునిగిపోతోంది. బయటినుంచి తెప్పించిన ఈకలే కొనాలా? – రాజోలు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. విదేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్లు ఏళ్ల తరబడి మన దేశపు పుంజుల మెడ ఈకలతోనే కట్టారు. ఇప్పుడు వాళ్లు ఈకలకోసమే పెంచే కోళ్లకు ఈక సన్నగా, పొడవుగా వస్తుంది. ఒక ఈకతో పని అయిపోతుంది. మన ఈక పొట్టి. రెండు ఈకల్ని జతగా కట్టి చుట్టాలి, తేడా అంతే.

మునగడానికి సాధారణంగా మూడు కారణాలు. మొదటిది, ఈక పెట్టదో పడుచు పుంజుదో అయి ఉంటుంది. పెట్ట ఈక మెత్తన, నీళ్లు పీల్చుకుంటుంది. అది మునిగే ఫ్లైలకు బంగారం, తేలేవాటికి పనికిరాదు. ఏడాది దాటిన పుంజు మెడమీదివి తీసుకోండి. ఈక వంచితే పోచలు విడివిడిగా నిక్కి, బుగ్గకు తాకిస్తే గుచ్చుకోవాలి. రెండోది నూగు. ఈక మొదట్లో ఈనెకు రెండువైపులా మసకగా, ఒకదానికొకటి అంటుకున్న భాగం కనిపిస్తుంది. అది తడిని స్పాంజిలా పట్టేస్తుంది. దీపానికి అడ్డం పెట్టి చూస్తే ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది; అక్కడిదాకా పీకెయ్యండి. మూడోది సైజు. ఈకను గాలం చుట్టూ వంచి చూస్తే పోచ పొడవు ఎడానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండు రెట్లు దాటితే ఫ్లై ఒరుగుతుంది, చిన్నదైతే మోయలేదు.

కట్టేటప్పుడు పీకిన ఈనెలో ఒక మిల్లీమీటరు ఖాళీగా వదలండి. ఆ ఖాళీ లేకపోతే మొదటి చుట్టులోనే పోచలు అడ్డదిడ్డంగా నలుగుతాయి. పాత ఈకల ఈనె చుట్టేటప్పుడు చీలిపోతుంటే పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. 12 నంబరుకు రెండు ఈకలవీ కలిపి 8, 9 చుట్లు చాలు. గోదావరి కాలవ నీళ్లు నిదానంగా పారేవి. కొండ ఏటి నురగలో తేలాల్సినంత ఒత్తు మనకు అవసరం లేదు.

రంగుల సంగతి. పందెం లెక్కన పిలిచే పేర్లే ఇక్కడా పనికొస్తాయి: ఎరుపు డేగ, నలుపు కాకి, తెలుపు సేతువ. ఈ మూడూ ఉంటే డెల్టాలో కట్టాల్సినవి చాలావరకు కట్టెయ్యొచ్చు. అసీల్ పుంజు ఈక గట్టిదే కానీ మెడమీద పలచగా ఉంటుంది. సంక్రాంతి ముందు దాని ఈక అడిగితే ఆసామి ఇవ్వడు కూడా. కోళ్ల దుకాణంలో అడగండి.

తెచ్చిన ఈకల్ని షాంపూ నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, జిప్ కవర్లో వేసి వారం రోజులు ఫ్రీజర్‌లో పెట్టండి. బయట రెండు రోజులుంచి మళ్లీ వారం ఫ్రీజర్‌లో పెట్టండి. ఈకల్లో ఉండి మొదటిసారి బతికిన పురుగు గుడ్లు ఈలోగా పగులుతాయి, రెండో చలికి పోతాయి. జబ్బుతో చచ్చిన కోడి ఈకలు మాత్రం ముట్టకండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది గదా. అలాంటి రోజుల్లో ఈకల సేకరణే మానుకోవాలి.

ప్రశ్న: మా ఇంట్లో లేసు అల్లే దారం బోలెడంత ఉంది. దాంతో కట్టవచ్చా? మామూలు కుట్టు దారంతో కడుతుంటే తల బొడిపెలా తయారవుతోంది. సన్నదారం తీసుకుంటే పుటుక్కున తెగుతోంది. – నరసాపురం పాఠకురాలు

జవాబు: లేసు దారం నూలుది. లావు ఎక్కువ, తడి పీలుస్తుంది. కట్టడానికి వద్దు, మునిగే ఫ్లై ఒంటికి చుట్టుకోవచ్చు, బాగుంటుంది. కట్టే దారాన్ని డెనియర్‌లో చెబుతారు: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 12 నంబరూ అంతకన్నా చిన్న గాలాలకు 70, ఫోమ్ మిడతలకు 140.

సన్నదారం తెగడానికి చెయ్యి ఒక్కటే కారణం కాదు. బాబిన్ (దారపు ఉండను పట్టి ఉంచే పనిముట్టు) గొట్టం మూతి దగ్గర గరుకు ఉంటే ఎంత మంచి దారమైనా తెగుతుంది. దూదిపింజ ఒకటి గొట్టంలోంచి లాగి చూడండి. పోగులు తగులుకుంటే గరుకున్నట్టే. రెండో దొంగ గాలం మొన. వంపు దగ్గర చుట్టేటప్పుడు దారం మొనకు రాసుకుని సగం పోగులు తెగుతాయి, ఆ తర్వాత బిగించగానే మిగతావి పోతాయి. మొన మాత్రం వైస్ దవడల్లో దాగేలా పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

తల బొడిపె కట్టడానికి కారణం దారం మెలి. కుడిచేత్తో చుట్టేవారికి చుట్టుచుట్టుకీ దారం పురి ఎక్కి తాడులా గుండ్రమవుతుంది. అప్పుడప్పుడు బాబిన్‌ని వేలాడదీసి, పైనుంచి చూస్తే ఎడమవైపుకు, అంటే గడియారానికి ఎదురు దిశలో తిప్పండి. పురి విడిపోయి దారం రిబ్బనులా చదును అవుతుంది. అదే దారంతో తల సగానికి తగ్గుతుంది.

ప్రశ్న: ఇక్కడి కొట్లలో దొరికే గాలాలకు కన్ను లేదు. కాడ చివర చదునుగా కొట్టి ఉంటుంది. వాటి మీద కట్టవచ్చా? – కొత్తపేట పాఠకుడు

జవాబు: ఎర గుచ్చడానికి చేసినవి అవి. చదును చివర దారం ముడి కాడ మీదే కూర్చోవాలి కాబట్టి ఫ్లై తల కట్టడానికి చోటు మిగలదు. కన్ను ఉన్నవే తెప్పించుకోండి. కొనేటప్పుడు పైనుంచి చూసి మొన కాడకు తిన్నగా ఉందో లేదో గమనించండి. ఎర గాలాలు చాలావాటికి మొన పక్కకు తిరిగి ఉంటుంది, ఫ్లై నీటి మీద ఒక పక్కకి వాలుతుంది. వైస్‌లో బిగించి కన్ను దగ్గర వేలితో కాస్త నొక్కండి. వంగి వెనక్కి వస్తే మంచిది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పుటుక్కుమంటే పెళుసు. ఆ పెట్టె మొత్తం తిరిగి ఇచ్చెయ్యండి.

ప్రశ్న: కాలవలు కట్టేశాక మిగిలే గుంటల్లో చైనా గురకలు ఎక్కువ. పైన తేలే ఫ్లైని చూడవు. గుర్రపుడెక్క వేళ్లు దులిపితే తూనీగ పిల్లలు రాలుతున్నాయి. వాటిలా కట్టడం ఎలా? – పాలకొల్లు పాఠకుడు

జవాబు: దులిపి చూశారంటే సగం పని అయిపోయింది. ఒకదాన్ని తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వదిలి చూడండి. తల వెడల్పు, కళ్లు పెద్దవి, పొట్ట బల్లపరుపు. వెనకనుంచి నీళ్లు చిమ్ముకుంటూ గెంతులుగా ముందుకు పోతుంది. ఆకారం, నడక, ఈ రెండూ పట్టుకుంటే చాలు.

గాలం 10 నంబరు, కాడ పొడవైనది. కళ్లకు 0.6 మిల్లీమీటర్ల నైలాన్ తీగ ముక్క: మధ్యలో ట్వీజర్‌తో పట్టుకుని ఒక కొసను అగ్గిపుల్ల మంటకు చూపితే ముడుచుకుని పూసలా అవుతుంది, రెండో కొసకూ అంతే. ట్వీజర్ ముక్కు వెడల్పే రెండు కళ్ల మధ్య దూరం, 2 మిల్లీమీటర్లు చాలు. మంటకు తగలనివ్వకండి, దగ్గర పెడితే చాలు. అంటుకుంటే పూస ఒకవైపు జారుతుంది.

కళ్లను కన్ను వెనక 2 మిల్లీమీటర్ల దూరంలో కాడ మీద ఇంటూ గుర్తులా దారంతో బిగించి జిగురు పెట్టండి. ఒళ్లు చదునుగా రావడానికి కాడకు అటొకటి ఇటొకటి, కాడ పొడవులో సగం ఉండేలా నైలాన్ తీగ ముక్కలు కట్టండి. బరువు కోసం రాగి తీగ. కాలిపోయిన మోటారు వైండింగు విప్పితే దొరికే 0.2 మిల్లీమీటర్ల తీగ సరిగ్గా కుదురుతుంది. దాన్ని ముందు సగంలో 10 చుట్లు వేసి, వేరే ముక్క ఒకటి వంపు దగ్గర కట్టి వేలాడదీయండి. పొట్టమీద గీతలకు అది.

ఒంటికి స్వెటర్ ఊలు. బురద ఆకుపచ్చ మూడు పాళ్లు, గోధుమ ఒక పాలు, ఒక సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి వేళ్లతో బాగా కలపండి. రంగు పొడిగా ఉన్నప్పుడు చూసి తేల్చకండి. ఊలు తడిస్తే రెండు మెట్లు ముదురుతుంది. చిటికెడు నీళ్లలో ముంచి పురుగు పక్కన పెట్టి పోల్చండి. దారానికి తేనె మైనం రాసి, ఊలును పలచగా, మళ్లీ చెబుతున్నాం, పలచగా అంటించి ఒకే దిశలో వేళ్లమధ్య నలిపి చుట్టండి. ముందుకూ వెనక్కూ నలిపితే అంటినదంతా ఊడుతుంది. వంపు నుంచి కళ్లదాకా వెళ్లాక, వేలాడదీసిన రాగి తీగను ఊలు చుట్టిన దిశకు ఎదురుగా 5 చుట్లు వేసుకుంటూ రండి. ఒకే దిశలో వేస్తే తీగ ఊలు చుట్ల మధ్య సందుల్లోకి దిగి కనిపించదు, చేప పళ్లకు ఊలు విప్పుకుపోకుండా ఆపనూ లేదు. కాళ్లకు కళ్ల వెనక పెట్ట మెడ ఈక 2 చుట్లు. పైనా కిందా ఉన్న పోచలు తీసేసి పక్కలవి ఉంచండి. ముడి, జిగురు.

చేత్తో దారం లాగేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్ల చిన్న గుంజు, ఆపు, మళ్లీ గుంజు. ఆపినప్పుడే ఎక్కువగా పడతాయి. దారం కాస్త పక్కకు జరిగినా ఎత్తండి. గుర్రపుడెక్కకు తగులుకుంటుంటే 0.4 మిల్లీమీటర్ల నైలాన్‌ని మొదట్లోనే వంపు దగ్గర కట్టి ఉంచుకుని, మొన ముందునుంచి ఉంగరంలా తిప్పి కన్ను వెనక బిగించండి. ఉంగరం మొన కంటే 2 మిల్లీమీటర్లు కిందికి ఉంటే సరి; ఎక్కువైతే నాచుతోపాటు చేపనూ ఆపేస్తుంది.

ప్రశ్న: సార్వా కోతలప్పుడు మిడతలు గట్టుమీదినుంచి కాలవలోకి దూకుతాయి. ఫోమ్ మిడత కట్టాను. విసిరిన ప్రతిసారీ వెల్లకిలా పడుతోంది. – మండపేట పాఠకుడు

జవాబు: ఫోమ్ కాడ కింద కూడా కట్టి ఉంటారు. ఫోమ్ అంతా కాడ పైన, గాలం వంపు కింద బరువుగా ఉంటేనే సరిగ్గా పడుతుంది. ఫోమ్ వెడల్పు ఎడానికి మించొద్దు. కాళ్లు రెండూ సమాన పొడవు ఉండాలి. ఒకటి 3 మిల్లీమీటర్లు పెద్దదైనా గాలికి తిరుగుతుంది. మోకాలికి రబ్బరు పోగులో మామూలు ముడి వేసి, ముడి బిగించే ముందే సూదితో దాని చోటు జరపండి.

కొరమీను కోసమైతే గాలం 4 లేదా 6, టిప్పెట్ 0.35 మిల్లీమీటర్లు, పైన చెప్పిన నాచు ఉంగరం తప్పనిసరి. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టు. అవి దేన్నైనా కొడతాయి కాబట్టి పట్టడం తేలిక. అక్కడ విసరకండి; కాపలా పోతే ఆ పిల్లలు పూటలో ఇతర చేపల పొట్టల్లోకి పోతాయి.

ప్రశ్న: చెరువులో బొచ్చె, శీలావతి కిలోలకు కిలోలు తిరుగుతున్నాయి. ఏ పురుగు కట్టినా పట్టవేం? – భీమవరం పాఠకుడు

జవాబు: అవి పురుగులు వేటాడే చేపలు కావు. బొచ్చె నోరు తెరిచి నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని వడకట్టుకుంటుంది. శీలావతి నడిమి నీటిలో నాచు, కుళ్లిన ఆకు తింటుంది. పెంపకం చెరువులో వాటి ధ్యాసంతా తూట్ల గోతాల్లో కట్టి వేలాడదీసే డీఓబీ (నూనె తీసిన తవుడు) మీదే. యజమాని ఒప్పుకుంటే తవుడు ముద్దలాంటిది కట్టండి: 10 నంబరు గాలానికి లేత గోధుమ ఊలు గుండ్రంగా చుట్టి, పొట్టిగా కత్తిరించి, బరువు లేకుండా గోతం పక్కన నిదానంగా దిగనివ్వండి. దాన్ని పురుగు అనలేం. కానీ పనిచేసేది అదే.

ప్రశ్న: నెమలి ఈక పోచలు చుట్టిన ఫ్లైలు బాగుంటాయంటారు. వాడితే కేసు అవుతుందా? – రావులపాలెం పాఠకుడు

జవాబు: నెమలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్ పక్షి. చంపడం, పట్టడం నేరం. తనంతట రాల్చిన తోక ఈకను దేశం లోపల ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు. విదేశాలకు పంపడం నిషేధం. ఇక్కడ కట్టిన నెమలి పోచ ఫ్లైలను బయటి దేశపు మిత్రుడికి పార్సిల్ చేయకండి. అడవికోడి మెడమీది మైనపు చుక్కల ఈకల జోలికి అసలే వెళ్లొద్దు.

చుట్టేటప్పుడు పోచ తెగుతుందని చాలామంది ఫిర్యాదు. మూడు నాలుగు పోచల్ని చివర్లు తుంచి కట్టి, దారంతో కలిపి పురి వేసి తాడులా చుట్టండి. చేప పళ్లకు ఒక పోచ తెగినా మిగతావి నిలుస్తాయి. పురి మరీ బిగిస్తే మెరుపు పోయి తీగలా అవుతుంది. నాలుగైదు తిప్పులు చాలు.

ప్రశ్న: గౌతమి పాయలో పండుగప్పకు ఏ పురుగు? – యానాం పాఠకుడు

జవాబు: ఏ పురుగూ వద్దు. పండుగప్ప తినేది రొయ్య, చిన్న చేప. 1/0 (ఒకటో నంబరు కంటే ఒక మెట్టు పెద్దది) గాలానికి తెల్ల మేక వెంట్రుకలు 7 సెంటీమీటర్లు కట్టి, నాలుగు జరీ పోగులు కలపండి. దాని మొప్ప అంచు కత్తిలా కోస్తుంది కాబట్టి కొసన 0.6 మిల్లీమీటర్ల నైలాన్ ఒక మూరెడు ఉండాలి. ఉప్పునీటి గాలం తగరపు పూతదో స్టెయిన్‌లెస్‌దో కావాలి.

ప్రశ్న: ఎంత బాగా కట్టినా వర్షాకాలం దాటేసరికి డబ్బాలో గాలాలు తుప్పు పట్టి, ఈకలు పొడి రాలుతున్నాయి. – అంతర్వేది పాఠకుడు

జవాబు: రెండు వేర్వేరు రోగాలు. తుప్పు తడివల్ల. మీ ఊళ్లో గాలిలోనే ఉప్పుంది. వాడిన ఫ్లైని ఆ రాత్రే మంచినీళ్లలో జాడించి, ఫ్యాను కింద ఆరబెట్టి, మర్నాడు గాని డబ్బాలో పెట్టకండి. తడి ఫ్లై ఒక్కటి చాలు, పక్కనున్న వాటన్నిటికీ తుప్పు అంటించడానికి. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి డబ్బాలో ఉంచండి. నీలంరంగు గుళికలు వద్దు, వాటిలో కోబాల్ట్ ఉంటుంది, తెల్లవి తీసుకోండి. అవే తెల్ల గుళికలు కొన్ని చిన్న డబ్బీలో పోసి ఒడ్డుకు తీసుకెళ్తే, తడిసి మునిగే డ్రై ఫ్లైని అందులో వేసి ఊపినా ఆరుతుంది.

పొడి రాలడం పురుగు పని. ఈకలు తినే పెంకుపురుగు పిల్లలు అందులో ఉన్నాయి. ఆ డబ్బాలో ఈకలున్న ఫ్లైలన్నీ జిప్ కవర్లో వేసి, పైన చెప్పినట్టు రెండు విడతల ఫ్రీజర్ పెట్టండి. డబ్బాను సబ్బు నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. ఫోమ్‌తో చేసిన ఫ్లైలున్న డబ్బాలో నాఫ్తలీన్ ఉండలు వెయ్యకండి. కొన్ని ప్లాస్టిక్‌లు, రబ్బరు కాళ్లు దానికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన కవర్‌ని వెంటనే విప్పకండి, బయటి వేడికి లోపల తేమ పట్టి గాలాలు మళ్లీ తుప్పెక్కుతాయి. గది వేడికి వచ్చేదాకా రెండు గంటలు మూసే ఉంచండి.